ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు

2024వ సంవత్సరం నవంబరు మాసంలో అర నిమిషం నిడివి గల ఒక ప్రకటన చిత్రం వెలువడింది. ముదురు రంగుల దుస్తులు ధరించిన కొందరు స్త్రీ పురుషులు ఒక లిఫ్టులో నుండి బయటకు వచ్చి, ఏ దేశానికీ చెందనట్టున్న గులాబి వన్నె మైదానంలో నిలబడి, ప్రేక్షకుల వంక నిర్వికారంగా చూస్తారు. ఒకరి చేతిలో సమ్మెట, మరొకరి చేతిలో రంగుల కుంచె. దేనినీ అనుకరించవద్దు అన్న అర్థం వచ్చే ఆంగ్ల నినాదం ఒకటి తెర మీద కనిపిస్తుంది. ఆ ప్రకటన ఇచ్చినది మోటారు కార్లు తయారుచేసే కంపెనీ. చిత్రం మొత్తంలో ఎక్కడ వెదకినా కారు మాత్రం కానరాదు.

కొద్ది గంటలలోనే ఆ చిత్రం దేశదేశాలలో పరిహాసాస్పదమైంది. అమెరికాలో విద్యుత్ కార్ల అధిపతి ఎలాన్ మస్క్ "మీరు కార్లు అమ్ముతారా?" అని బహిరంగంగానే ప్రశ్నించారు. నవ్వినవారు నవ్వగా, నొచ్చుకున్నవారు వేరొకరు ఉన్నారు. ఇరవై, ముప్పై సంవత్సరాలుగా జాగ్వార్ కార్లను కొని, తుడిచి, మరమ్మతు చేయించుకుని, ఇంటి మనిషిలా చూసుకుంటున్న పాత యజమానులు వారు. గర్జించే మృగం ముఖచిహ్నం తొలగింది. పేరు వ్రాసే అక్షరాల తీరు మారింది. ముందుకు దూకే చిరుత బొమ్మ గీతల మధ్య ఒదిగిపోయింది. రెండు వారాలు తిరిగేసరికి అమెరికాలోని మయామీలో ఒక నమూనా కారును ప్రదర్శించారు. గులాబి, నీలం రంగులలో, వెనుక అద్దమే లేకుండా, పూర్తిగా విద్యుత్తుతో నడిచే కారు అది. దానిని చూసిన తరువాత, తమకు తెలిసిన జాగ్వార్ ఇక లేదన్న నిశ్చయానికి చాలామంది వచ్చారు.

ఈ కంపెనీ 2008వ సంవత్సరం నుండి టాటాల సొత్తు. కాబట్టి ఇంగ్లండులోని యజమానుల అసంతృప్తి మనకు కేవలం పరాయి ఊరి ముచ్చట కాజాలదు.

సగం ధరకు రాజఠీవి

విలియం లయన్స్ అనే యువకుడు 1922లో బ్లాక్‌పూల్ పట్టణంలో ఒక భాగస్వామితో కలిసి, మోటారు సైకిళ్ళకు ప్రక్కన తగిలించే సైడ్‌కార్లు తయారుచేయడం ఆరంభించాడు. తరువాత చౌక కార్లకు అందమైన పై తొడుగులు తొడిగాడు. 1928లో కర్మాగారాన్ని కొవెంట్రీ నగరానికి తరలించాడు. 1935లో 'జాగ్వార్' అన్న పేరును మొదటిసారి ఒక కారుకు పెట్టి, లండనులోని ఒక హోటలులో అమ్మకందారులకు విందు ఇచ్చాడు. కారు చూపించి, దీని ధర ఎంత ఉండవచ్చునో కాగితం మీద వ్రాసి ఇమ్మన్నాడు. వారు వ్రాసిన అంకెల సగటు 632 పౌండ్లు. అసలు ధర 400 పౌండ్లకు లోపే!

లయన్స్ వ్యాపార రహస్యమంతా ఆ విందులోనే ఉన్నది. ఆయన ఇంజనీరు కాడు, చిత్రలేఖనం నేర్చినవాడూ కాడు. కారు ఆకృతిని నిలువెత్తు నమూనాగా చేయించి, తన ఇంటి ముందు పగటి వెలుగులో నిలబెట్టి, చుట్టూ తిరిగి చూసి దిద్దేవాడు. చూపులకు లక్షాధికారి వాహనంలా ఉండాలి, ధర మాత్రం వైద్యుడికి, న్యాయవాదికి, చిన్న కర్మాగారం యజమానికి అందుబాటులో ఉండాలి. ఇదే ఆయన సూత్రం.

ఆ సూత్రం అద్భుతంగా ఫలించింది. 1951 నుండి 1957 వరకు ఏడు సంవత్సరాలలో ఫ్రాన్సు దేశపు లె మాన్స్ ఇరవై నాలుగు గంటల పందెంలో జాగ్వార్ అయిదు సార్లు గెలిచింది. 1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో 'ఈ-టైప్' కారు వెలువడింది. గంటకు 150 మైళ్ళ వేగం అందుకోగలదని కంపెనీ చాటిన ఆ కారు ధర బ్రిటనులో సుమారు 2,100 పౌండ్లు. దానితో పోటీ పడగల ఆస్టన్ మార్టిన్ ధర అందుకు దాదాపు రెట్టింపు. న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల ఈ-టైప్‌ను కళాఖండంగా తన శాశ్వత సేకరణలో చేర్చుకున్నదంటే దాని సౌందర్యం గురించి వేరే చెప్పనక్కరలేదు.

1956 నాటికే జాగ్వార్ యజమానులకు ఒక సంఘం ఏర్పడింది. ఆ కార్లలో లోపాలు లేకపోలేదు. కంపెనీ బ్రిటిష్ లేలాండ్ అనే పెద్ద సంస్థలో అంతర్భాగంగా ఉన్న 1970 దశకంలో నాణ్యత బాగా దిగజారింది. జాగ్వార్ కొనదలచినవాడు రెండు కొనాలి, ఒకటి షెడ్డులో ఉన్నప్పుడు రెండవది నడుపుకోవచ్చు అన్న పరిహాసోక్తి చాలాకాలం ప్రచారంలో ఉండేది. అయినా యజమానులు దానిని విడిచిపెట్టలేదు. నడిరోడ్డు మీద ఆగిపోయిన కారును కూడా ప్రేమించిన తమను, నేడు కంపెనీ తన గడప దాటించిందన్నదే వారి బాధ.

యజమానుల మాట ఎప్పుడు నిజమైంది?

పాతవారి అసంతృప్తి ఎల్లప్పుడూ న్యాయమైనదేనా? ఈ ప్రశ్నకు చరిత్ర రెండు విధాల సమాధానం చెబుతున్నది.

1975లో ఈ-టైప్ స్థానంలో 'ఎక్స్‌జే-ఎస్' అనే కారు వచ్చింది. వెనుక కిటికీకి ఇరుప్రక్కల గోడల వంటి కమ్ములతో అది ఈ-టైప్ సుకుమారానికి పూర్తిగా భిన్నంగా ఉండేది. అభిమానులు ముక్కు విరిచారు, విమర్శకులు ఆక్షేపించారు. కాని ఆ కారు 1996 వరకు, అంటే ఇరవై ఒక్క సంవత్సరాలు ఉత్పత్తిలో ఉన్నది. ఈ-టైప్ సుమారు 72 వేలు తయారుకాగా, అందరూ ఈసడించిన ఎక్స్‌జే-ఎస్ లక్షకు పైగా తయారైంది. ఆనాడు తిట్టిన సంఘాల వారే నేడు దానిని భద్రంగా దాచుకుంటున్నారు.

రెండవ ఉదాహరణ ఇందుకు విరుద్ధమైనది. 1989లో జాగ్వార్‌ను అమెరికాకు చెందిన ఫోర్డ్ కంపెనీ కొన్నది. 2001లో తక్కువ ధరకు 'ఎక్స్-టైప్' కారును విడుదల చేసింది. పైకి అది అచ్చమైన పాత జాగ్వార్. గుండ్రని నాలుగు దీపాలు, లోపల నిగనిగలాడే చెక్క పలకలు, అన్నీ ఉన్నాయి. అడుగున ఉన్న నిర్మాణం మాత్రం ఫోర్డ్ వారి సామాన్యమైన మోండియో కారుదే. యజమానులు వెంటనే పసిగట్టారు. పట్టు కోక కట్టినంత మాత్రాన పనిమనిషి పెళ్ళికూతురవుతుందా అన్న ధోరణిలో పెదవి విరిచారు. ఆశించిన అమ్మకాలు రానేలేదు.

ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. ఎక్స్‌జే-ఎస్‌లో ఆకారం మారింది, కాని నిశ్శబ్దంగా, మెత్తగా, దూరప్రయాణాన్ని హాయిగా సాగించే గుణం మారలేదు. ఎక్స్-టైప్‌లో ఆకారం నిలిచింది, గుణం పోయింది. మొదటి దానిని తిట్టినవారు కొంతకాలానికి మనసు మార్చుకున్నారు. రెండవ దానిని క్షమించలేదు. రూపం మారినందుకు కలిగే కోపం కాలం గడిస్తే చల్లారవచ్చు. స్వభావం మారినందుకు కలిగే కోపం అట్లా చల్లారదు.

కంపెనీ పక్షం

కంపెనీ వాదనను కూడా వినడం న్యాయం. టాటాల యాజమాన్యంలో జాగ్వార్ వెనుకబడి కూర్చోలేదు. 2018లో వచ్చిన 'ఐ-పేస్' అనే విద్యుత్ కారు మరుసటి సంవత్సరమే ప్రపంచ ఉత్తమ కారుగా బహుమతి పొందింది. ఆ 2018లో జాగ్వార్ కార్లు ప్రపంచమంతటా సుమారు 1,80,000 అమ్ముడుపోయాయి. 2024 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఆ సంఖ్య 70 వేలకు లోపుకు పడిపోయింది. జర్మనీ కంపెనీలు ఇదే తరహా కార్లను లక్షల సంఖ్యలో తయారుచేస్తూ ఉండగా, ఇంత స్వల్ప సంఖ్యతో వారితో ధరలో పోటీ పడడం అసాధ్యం. అందుకే విద్యుత్ కార్లకు పూర్తిగా మారాలని 2021లోనే నిర్ణయించారు. తక్కువ కార్లు, ఎక్కువ ధర అన్న మార్గం ఎంచుకున్నారు. కొత్త కారు ధర లక్ష పౌండ్లకు మించి ఉంటుందని తెలియజేశారు. పాత ఖాతాదారులలో కొద్దిమంది మాత్రమే తమ వెంట వస్తారన్న సంగతిని కంపెనీ అధికారులే దాచకుండా ఒప్పుకున్నారు. పాత నమూనాలను ఒకటొకటిగా ఆపివేశారు. బ్రిటనులో 2024 చివరి నుండి కొత్త జాగ్వార్ల అమ్మకమే నిలిచిపోయింది.

కంపెనీ పెద్దలు అనదలచుకున్నదేమిటో ఊహించడం కష్టం కాదు. ఇంతమంది అభిమానులు ఉన్నారు సరే, కొత్త కారు కొన్నవారెందరు? సంఘాల సభలలో మెరిసే కార్లలో అధిక భాగం ముప్పై, నలభై ఏళ్ళనాటివి. వాటిని ఎంత ప్రేమించినా కర్మాగారానికి దమ్మిడీ రాబడి లేదు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్న సామెత జాగ్వార్ కంపెనీకి అక్షరాలా వర్తిస్తుంది.

ఈ అనుభవం మన దేశానికి కొత్త కాదు. 1958లో కలకత్తా సమీపాన ఉత్తర్‌పారాలో మొదలైన అంబాసడర్ కారు 2014 వరకు పెద్దగా రూపం మార్చుకోకుండానే సాగింది. దానిని ప్రేమించని ఇల్లు లేదు. కొత్తది కొందామనుకునే ఇల్లు మాత్రం చివరికి దొరకలేదు. 2017లో ఆ పేరు 80 కోట్ల రూపాయలకు ఒక ఫ్రెంచి కంపెనీ పరమైంది. ఇంగ్లండులో పుట్టి మద్రాసులో స్థిరపడిన ఎన్‌ఫీల్డ్ మోటారు సైకిలు కథ వేరు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో గేరు కుడికాలి నుండి ఎడమకాలికి మారినప్పుడు, పాత ఇంజనుకు బదులు కొత్త ఇంజను వచ్చినప్పుడు, ఆ గంభీరమైన ధ్వని పోయిందని పాతవారు వాపోయారు. కాని బండి ఆకృతి, నడిచే తీరు, దాని మీద కూర్చున్నవారి ఠీవి చెడకుండా జాగ్రత్తపడ్డారు. విసుక్కున్నవారు విసుక్కుంటూనే వెంట వచ్చారు. వారితో పాటు వారి కొడుకులు, కూతుళ్ళు కూడా వచ్చారు.

అసలు గాయం ఎక్కడ?

జాగ్వార్ యజమానుల ఫిర్యాదును ఈ వెలుగులో పరిశీలించాలి. విద్యుత్తుతో నడవడం వారిలో అందరికీ అభ్యంతరం కాదు. నిశ్శబ్దమైన, మెత్తని ప్రయాణం జాగ్వార్ పూర్వ లక్షణమే గనుక విద్యుత్తు దానికి ఒక విధంగా తగినదే. మయామీ నమూనా కారుకు ఉన్న పొడవైన ముందుభాగం, నేలకు దగ్గరగా సాగిన పైకప్పు లయన్స్ అభిరుచికి దూరమైనవి కావు. "జాగ్వార్ దేనికీ నకలు కారాదు" అన్నది కూడా లయన్స్ పేరు మీద చెప్పుకునే మాటే. కంపెనీ దానిని తవ్వి తీసి కొత్త నినాదం చేసుకున్నది.

వ్యత్యాసం ధరలో ఉన్నది. 1935 నాటి విందులో అతిథులు ఊహించినదానికంటే ధర తక్కువ అని తేలింది. ఆ ఆనందమే జాగ్వార్‌కు పునాది. నేటి మార్గంలో లోపలికి వచ్చే ద్వారం ఇరుకైంది. మధ్యతరగతికి కొంచెం పైమెట్టున నిలిచి, జీవితంలో ఒక్కసారైనా ఆ కారు నడపాలని కూడబెట్టుకున్న మనిషి ఇక ఆ ద్వారంలో నుండి పోలేడు. పాతవారి మనసు మరింత నొప్పించినది ఆ ప్రకటనలోని ధోరణి. సామాన్యమైనదానిని చెరిపివేయండి, మూసలను బద్దలు కొట్టండి అని అందులో పిలుపు ఇచ్చారు. ఆ సామాన్యులు, ఆ మూస తామేనా అన్న అనుమానం వారికి కలిగితే తప్పు పట్టలేము. ఇల్లు తిరిగి కట్టుకునే హక్కు గృహస్థుకు ఉన్నది. కాని పాత చుట్టాల పేర్లు వ్రాసిన గోడను వారి కళ్ళ ముందే సమ్మెటతో కొట్టడం అవసరమా?

2025 నవంబరులో పి.బి.బాలాజీ ఈ సంస్థకు ప్రధాన కార్యనిర్వహణాధికారిగా బాధ్యత స్వీకరించారు. అంతకు ముందు ఆయన టాటా మోటార్స్ ఆర్థిక వ్యవహారాలు చూసిన వ్యక్తి. అంకెలు ఆయనకు కొత్త కావు. కార్ల సంఖ్యను, ధరను లెక్క కట్టినట్టే, నూరేళ్ళుగా పోగుపడిన ఆప్యాయతను కూడా ఏదో ఒక పద్దు క్రింద వ్రాసుకోవలసి ఉంటుంది.

ఎక్స్‌జే-ఎస్ వలె ఈ కొత్త కారు కూడా తన్ను తిట్టినవారిని తానే గెలుచుకోవచ్చు. ఎక్స్-టైప్ వలె బోర్లాపడనూవచ్చు. దానిని నిర్ణయించేది ప్రకటన చిత్రం కాదు, రోడ్డు మీద దాని నడక. అంతవరకు కంపెనీ చేయగలిగిన పని ఒకటి ఉన్నది. కారు సిద్ధమైన రోజున లయన్స్ చేసినట్టే ఒక విందు ఏర్పాటు చేసి, పాత యజమానులను మొదటి వరుసలో కూర్చోబెట్టి, దాని మీది గుడ్డ తొలగించి, ధర ఎంత ఉండవచ్చునో కాగితం మీద వ్రాసి ఇమ్మని అడగవచ్చు. వారిలో ఎక్కువమంది దానిని కొనలేకపోవచ్చు. అయినా వారు వ్రాసి ఇచ్చే అంకెను చూస్తే, ఆ కారు జాగ్వార్ అవునో కాదో కంపెనీకి తెలిసిపోతుంది.