బిలియన్ అంటే ఎన్ని కోట్లు?
సంఖ్య స్థిరమే కానీ, దానికి పెట్టిన పేరు దేశాన్ని బట్టీ కాలాన్ని బట్టీ మాట మారుస్తుంది. ఇంగ్లిషు ‘బిలియన్’నే చూడండి. అమెరికాలో అది 1 పక్కన 9 సున్నాలు, అంటే వంద కోట్లు. బ్రిటన్‌లో చాలాకాలం 12 సున్నాలు, అంటే లక్ష కోట్లు. ఒకే భాష, ఒకే స్పెల్లింగు, తేడా వెయ్యి రెట్లు! ప్రభుత్వ లెక్కల్లో బిలియనంటే వంద కోట్లేనని 1974లో ప్రధాని హెరాల్డ్ విల్సన్ పార్లమెంటుకు చెప్పాక గానీ అక్కడి అధికారిక లెక్క తేలలేదు. జర్మన్‌లో అదే స్పెల్లింగున్న మాటకు నేటికీ లక్ష కోట్లనే అర్థం. సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది కదా అని కొందరంటారు. డజను గుడ్లయితే నిజమే, పన్నెండూ ఉన్నాయో లేదో బుట్టలో లెక్కపెట్టుకోవచ్చు. ఒక దేశం అప్పును అలా ఎవరు లెక్కపెట్టి చూస్తారు? అంత పెద్ద మొత్తానికి మాటే ఆధారం. బిలియన్ అనడమే మార్కెట్ భాష, పాఠకులకు అలవాటైపోయిందన్న వాదనా ఉంది. చెవికి అలవాటైనంత మాత్రాన ఆ మొత్తం ఎంతో మనసుకు అందదు. లక్షలు, కోట్లలో లెక్కలు కట్టుకునే మనకు మరీనూ. కాబట్టి తెలుగు పత్రికల మిత్రులారా, ‘5 బిలియన్ డాలర్లు’ అని రాసినప్పుడల్లా పక్కనే ‘500 కోట్ల డాలర్లు’ అని కూడా రాయండి.