పాత కంప్యూటర్‌ని అప్పుడే అటకెక్కించకండి

ఈమధ్య పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాట అయిపోయాక కంప్యూటర్ టీచర్ దగ్గరికొచ్చి చాలామంది అడుగుతున్నది ఒకటే. "సార్, మా ఇంట్లో సిస్టమ్‌కి విండోస్ 11 ఎక్కదంటోంది. పాపకి కొత్త ల్యాప్‌టాప్ కొనమంటారా?"

అప్పుడే వద్దంటాను. ఎందుకు వద్దో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేకపోతున్నాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

2015లో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆపేసింది. ఆ రోజుతో మీ కంప్యూటర్ ఆగిపోలేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం మామూలుగా రావడం ఆగిపోయింది. విండోస్ 11 అడిగే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం చాలా పాత సిస్టమ్‌లలోనూ ఉంటాయి. అసలు అడ్డం పడేవి వేరే. ఒకటి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, రెండోది ప్రాసెసర్ తరం. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. ఆ తరం మార్కెట్లోకి వచ్చింది 2017లో. అంటే 2016లో మీరు ముచ్చటపడి కొన్న ఐ7 ఈ పరీక్షలో ఫెయిల్. ఆ తర్వాత వచ్చిన, దానికంటే ఎంతో నెమ్మదైన సెలెరాన్ పాస్! కాబట్టి ఆ మెసేజ్ చూసి మీ మెషీన్ చేవ అయిపోయిందనుకోకండి.

మైక్రోసాఫ్ట్ వారిదే 'పీసీ హెల్త్ చెక్' అని ఉచిత యాప్ ఉంది. ఏ షరతు దగ్గర ఆగిందో అది చెబుతుంది. టీపీఎం ఒక్కటే లేదని చూపిస్తే సంతోషించండి. చాలా సిస్టమ్‌లలో అది ఉంటుంది కానీ ఆఫ్ చేసి ఉంటుంది. బయోస్ సెట్టింగ్స్‌లో ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనే పేరుతో కనిపిస్తుంది. ఆన్ చేస్తే సరి. ప్రాసెసర్ దగ్గరే ఆగితే మాత్రం దారి మార్చుకోవాలి. తొందరేమీ లేదు. ఇంటి కంప్యూటర్లకి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు ఉంది. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు కనిపిస్తుంది.

ఒక్క పని మాత్రం చేయొద్దు. "ఐదొందలివ్వండి, ఎలాగోలా 11 వేసేస్తాం" అనే మాటకి లొంగకండి. షరతుల్ని దాటించే కిటుకులు నిజంగానే ఉన్నాయి. అలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. పైగా దొంగ కాపీని 'యాక్టివేట్' చేసే ప్రోగ్రాములు చాలావరకు ముందు యాంటీవైరస్‌ని ఆఫ్ చేయమంటాయి. ఫీజు కట్టేది, బ్యాంకు ఖాతా తెరిచేది మీరు అదే సిస్టమ్‌లో కదా!

ఇక రెండో దారి లైనక్స్. పేరు వినగానే ఇంజినీర్ల వ్యవహారం అనుకుంటారు. కేరళ ప్రభుత్వ పాఠశాలల ల్యాబుల్లో ఏళ్లుగా పిల్లలు వాడుతున్నది అదే. లైనక్స్ మింట్ అని ఒకటుంది, ఉచితం. 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 ఉంటే హాయి. దీనిలో నాకు బాగా నచ్చిన సంగతి, హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. స్క్రీన్ సరిగా వచ్చిందా, సౌండ్ వినిపిస్తోందా, వైఫై దొరికిందా, కెమెరా పనిచేస్తోందా అన్నీ చూసుకుని, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే మీ పాత విండోస్ అలాగే ఉంటుంది. చీర కొనేముందు భుజాన వేసుకుని చూసుకున్నట్టే.

మొన్న 8వ తరగతి అమ్మాయి, వాళ్ల నాన్నగారు అలాగే ఓ శనివారం పాత ల్యాప్‌టాప్ పట్టుకొచ్చారు. పెన్‌డ్రైవ్‌తో స్క్రీన్ చక్కగా వచ్చింది కానీ వైఫై జాడ లేదు. "షాపువాళ్లు చెప్పిందే నిజం, ఇది పాతది" అని పాప ముఖం చిన్నబోయింది. లోపల ఉన్నది బ్రాడ్‌కామ్ వైఫై. కొన్ని బ్రాడ్‌కామ్ వాటికి డ్రైవర్ విడిగా ఎక్కించాలి, డౌన్‌లోడ్ చేద్దామంటే నెట్ కావాలి. నాన్నగారి ఫోన్‌ని ఛార్జింగ్ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాం, నెట్ వచ్చేసింది. ఫొటోలన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాకే ఇన్‌స్టాల్ మొదలుపెట్టాం. ఎందుకంటే ఈ మెట్టులో డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది, పోయినవి మళ్లీ రావు. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిస్తే అదే డ్రైవర్‌ని చూపించింది. నొక్కింది అమ్మాయే. రీస్టార్ట్ అయ్యాక వైఫై పేర్ల వరసలో తమ ఇంటిది కనబడలేదేమని అడిగింది. స్కూల్లో ఎలా కనబడుతుందమ్మా అన్నాను!

డ్రైవర్ అంటే ఏమిటో నేను క్లాసులో రెండు పీరియడ్లు చెప్పాను. ఆ అమ్మాయికి అర్థమైంది ఆ శనివారమే.

అన్నీ ఇలా సాఫీగా సాగుతాయని చెప్పను. కొన్ని పాత ప్రింటర్లు, వేలిముద్ర రీడర్లు లైనక్స్‌కి లొంగవు. 32 బిట్ ప్రాసెసర్ అయితే మింట్ ఎక్కదు. ఇంట్లో ఎవరికైనా ట్యాలీ కావాలన్నా, పిల్లలు రాసే ఏదైనా ఆన్‌లైన్ పరీక్ష విండోస్ మాత్రమే అడిగినా ఈ దారి కుదరదు. అది ముందే కనుక్కోండి. పాత హార్డ్‌డిస్క్ అయితే ఏ సిస్టమ్ వేసినా నత్తనడకే. దాని బదులు ఎస్‌ఎస్‌డీ పెట్టిస్తే తేడా మీకే తెలుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ ధరతో చూస్తే ఆ ఖర్చు ఏపాటిది?

అసలు మన పిల్లలకి ఇంట్లో కావలసిందేమిటి? సీబీఎస్ఈ 9, 10 తరగతుల ఐటీ సబ్జెక్టులో నేర్పేది లిబ్రేఆఫీస్. అది మింట్‌తోపాటే వస్తుంది. 11, 12లో కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే పైథాన్, అదీ ఇందులో బాగా నడుస్తుంది. మేము ఇచ్చే ప్రాజెక్టుల్లో పదేళ్ల నాటి సిస్టమ్ చేయలేనిది నాకైతే గుర్తు రావడం లేదు. ఎవరైనా టీచర్ అలాంటిది ఇస్తే డైరీలో రాసి పంపండి, తప్పు మాదే.

ఇంకో మాట, కొంచెం కష్టంగా ఉన్నా చెప్పాలి. చాలా ఇళ్లలో కొత్త ల్యాప్‌టాప్ కొంటున్నది పాతది పనిచేయక కాదు, "మా ఫ్రెండ్‌కి ఉంది" అన్నందుకు. టర్మ్ ఫీజు కట్టిన నెలలోనే దానికీ ఈఎంఐ పెట్టుకుంటున్నారు. కొనగలిగినవారిని వద్దనను. పిల్లల ముందు చిన్నబోతామని అప్పుచేసి కొనేవారికే ఇదంతా రాశాను. రేపు ఇంజినీరింగ్‌లో చేరేటప్పుడు ఎలాగూ కొనాలి. ఆ డబ్బు అప్పటిదాకా మీ దగ్గరే ఉండనివ్వండి.

ఓ ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ప్రయత్నించండి. మౌస్ వాళ్ల చేతికే ఇవ్వండి. మింట్ వేసిన పెన్‌డ్రైవ్‌లు మూడు ల్యాబ్‌లో ఉన్నాయి. శుక్రవారం పాప చేతో బాబు చేతో అడిగించండి, సోమవారం తిరిగిచ్చేస్తే చాలు.