అబ్బా పని చెప్పడానికి సిగ్గుపడే ఇంగ్లీషు మనకెందుకు?



పోయిన వేసవిలో అరకులో మా మామూ ఇంట్లో పది రోజులున్నాను. "ఖాళీగా కూర్చోకు బేటా, పిల్లలకి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పు" అన్నారు మామూ. సాయంత్రాలు దుకాణం పైగదిలో పన్నెండు మంది చేరేవారు. సగం మనోళ్ల పిల్లలు, సగం చుట్టుపక్కల గూడేల పిల్లలు. అందరూ తొమ్మిదీ, పదీ.

మొదటి రోజు అందరూ అడిగే సవాలే నేనూ అడిగాను: "వాట్ డు యు వాంట్ టు బికమ్?" డాక్టర్, ఇంజనీర్, కలెక్టర్, పైలట్... జవాబులు టకటకా వచ్చాయి. మాషా అల్లాహ్ అనుకున్నాను. తర్వాత "వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?" అన్నాను. గదంతా ఖామోష్. బైక్ మెకానిక్ కొడుకు "బిజినెస్" అని నేల చూశాడు. కాఫీ తోట ఉన్న గిరిజన ఆడపిల్ల "నథింగ్ సర్" అంది.

నథింగ్! సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్ల మీదికి మిరియాల తీగ, పండిన ఎర్ర పళ్లే ఏరి కోయడం, తోలు తీయడం, కడగడం, ఎండబెట్టడం. ఇంత హునర్ నథింగా? ఆ కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే ప్యారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం తెరిచారు. అక్కడ దాని గురించి ఇంగ్లీషులో, ఫ్రెంచిలో గొప్పగా చెప్పేవాళ్లున్నారు. పండించినవాళ్ల బిడ్డకే మాట రాదు.

నా గుస్సా పిల్లల మీద కాదు, మన మీద. పెద్ద ఉద్యోగాల పేర్లు బట్టీ పట్టించి, దాన్నే తాలీమ్ అంటున్నాం. ఇద్దరు గిరిజన పిల్లలు "టీచర్" అన్నారు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. పోస్టులెన్ని, అర్హత ఏంటి, పోటీ ఎవరితో అని అడగడం వాళ్లకి ఎవరూ నేర్పలేదు. ఖ్వాబ్ చూపించి రాస్తా చూపకపోవడం ధోకా కాదా?

"అయితే మెకానిక్ కొడుకు మెకానిక్‌గానే ఉండిపోవాలా?" అని కొందరు భాయీలు నా మీదికొస్తారు. కాదు భాయ్! వాడు ఇంజనీరే కానీ, ఇన్షా అల్లాహ్. కానీ క్లచ్ ప్లేటు ఎందుకు అరుగుతుందో నాలుగు వాక్యాల్లో చెప్పగలిగినవాడు రేపు పాలిటెక్నిక్‌లోనైనా, గల్ఫ్ ఇంటర్వ్యూలోనైనా నోరు విప్పుతాడు. "ఐ వాంట్ టు బికమ్" ఒక్కటే వచ్చినవాడు రెండో సవాలుకే తెల్లబోతాడు.

దావూద్ అలైహిస్సలామ్ ఇనుముతో కవచాలు చేశారు. జకరియ్యా అలైహిస్సలామ్ వడ్రంగి పని చేశారు. చేతి మెహనత్‌తో తినే రిజ్క్‌కి మన దీన్‌లో ఇంత ఇజ్జత్ ఉంటే, మన ఇళ్లలో ఈ షర్మ్ ఎక్కడిది?

మిగిలిన రోజులు పాఠం మార్చేశాను. ఇంటి పని చూసి రండి, అడిగి రండి, ఇంగ్లీషులో చెప్పండి అన్నాను. చివరి సాయంత్రం "నథింగ్" అన్న పిల్లే లేచి నిలబడి, "మై ఫాదర్ గ్రోస్ కాఫీ. వి పిక్ ఓన్లీ ద రెడ్ ఫ్రూట్" అంది. తర్వాత నన్నే అడిగింది: "సర్, హూ డిసైడ్స్ ద ప్రైస్?"

ఆ సవాలుకి నా దగ్గర జవాబు లేదు. కానీ ఇంగ్లీషు ఎందుకు నేర్పాలో ఆ రోజు నాకు సమఝ్ అయింది.

ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మీ పిల్లల్ని పెద్దయ్యాక ఏమవుతావని అడక్కండి. అబ్బా పనీ, అమ్మీ పనీ ఇంగ్లీషులో చెప్పమనండి. తడబడితే నవ్వకండి. అల్లాహ్ మన పిల్లల నోట హలాల్ మెహనత్ మాట తలెత్తుకుని పలికించుగాక. ఆమీన్.