గ్రూపులో అడిగేవి, అడగనివి

మా అమ్మాయికి ఈసారి ఈఏపీసెట్. కాలేజీల సంగతులు మాట్లాడుకునే తల్లుల వాట్సాప్ గ్రూపులో పోయినేడే చేరాను. కలిగిరిలో కూర్చుని విజయవాడ హాస్టళ్ల గురించి ఇంకెవర్ని అడుగుతాం? నీళ్లొస్తాయా, ఆదివారం బయటికి పంపుతారా, జ్వరమొస్తే ఎవరు చూస్తారు... ఇవి అక్కడ పిల్లని ఉంచిన తల్లే చెప్పగలదు.

ఫీజు దగ్గరే మోసపోయాం. "కౌన్సెలింగ్ దాకా ఆగితే సీట్లుండవు, ముందే కట్టేయండి, రీయింబర్స్‌మెంట్ ఎలాగూ వస్తుంది" అని ఒకావిడ పెట్టింది. మా ఆడపడుచు నమ్మి, గొలుసు కుదువబెట్టి కొడుక్కి సీటు కొనేసింది. అది మేనేజ్‌మెంట్ సీటు. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో వందకు 70 కన్వీనర్ కోటా. రీయింబర్స్‌మెంట్ ఆ కోటాలో చేరినవాళ్లకే, అదీ ఏడాదికి 2.5 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్లకే. మేనేజ్‌మెంట్ సీటుకి రూపాయి రాదు. పిల్లాడి ర్యాంకుకి ఆగుంటే కన్వీనర్ సీటే వచ్చేది. గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది.

మెసేజ్ పెట్టినావిడ చెడ్డదేం కాదు. ఆమెకీ ఎవరో చెప్పారు. అదే నా భయం.

డబ్బు మాట ఇక గ్రూపులో అడగను. ఆదాయం సర్టిఫికెట్ కోసం మొన్ననే సచివాలయానికి వెళ్లి, కోటాల సంగతి కూడా అక్కడే అడిగొచ్చాను. గ్రూపు మాత్రం వదల్లేదు. దోమతెర ఏ హాస్టల్లో కట్టుకోనిస్తారో నిన్న అక్కడే తెలిసింది.