కత్తులు సరే, కన్నమదాసు యాడ?

పల్నాటి యుద్ధం కథ 1947లో, 1966లో సినిమాగా వచ్చింది. పల్నాడుకు ఎంతో దూరంలో ఉన్న మా కలికిరి పల్లెల్లో కూడా నాగమ్మ, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు అందరికీ తెలిసిన పేర్లే. మాల కన్నమదాసు ఎవరు అని అడిగితే మాత్రం బళ్లో పిల్లోళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకుంటారు.

12వ శతాబ్దం చివర్లో నాగులేటి ఒడ్డున కారంపూడిలో ఆ యుద్ధం జరిగింది. కొట్లాట నలగాముడు, మలిదేవుడు అనే దాయాదులది. బ్రహ్మనాయుడు అన్ని కులాలోళ్లనూ ఒకే చాపమీద కూర్చోబెట్టి కూడు పెట్టినాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనాపతిని చేసినాడనీ కథ చెబుతుంది. సింహాసనం దాయాదులది. ముందు నిలబడి కత్తి పట్టింది మనోడు.

ఆ కథను ఇన్ని వందల ఏండ్లు బతికించింది ఎవరు? ఊరూరా తిరిగి పాడిన వీరవిద్యావంతులు. వాళ్లు మాలలు. 1982లో జీన్ రోఘేర్ అనే పరిశోధకుడు ఇంగ్లీషులో అచ్చేసిన పల్నాటి కథ, ఆలిశెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడు పాడిందే. అక్షరం మనకు అందకుండా చేసినోళ్ల చరిత్రను కూడా మన గొంతులే మోసినాయి!

కారంపూడి వీరుల గుడి దగ్గర ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు దినాలు తిరునాళ్ల జరుగుతుంది. వీరుల ఆయుధాలకు పూజ చేస్తారు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. మంచిదే. మరి మిగతా దినాల సంగతేమి? అదే పాత గుంటూరు జిల్లాలో, చుండూరులో, సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ముదిరి 1991 ఆగస్టు 6న మనోళ్లను వెంటాడి నరికినారు. చాపకూడు పుట్టిన గడ్డకు అది ఎంత దూరం?

అందుకే ఈ యుద్ధానికి మ్యూజియం అంటే అద్దాల పెట్టెలో కత్తులు, గోడమీద రాజుల బొమ్మలు పెడితే సాలదంటున్నాము. కన్నమదాసు పేరు ‘మాల’ అన్న మాటతోనే రాయాల. వీరవిద్యావంతుల గొంతులు వినిపించాల. పాడినోళ్ల పేర్లు, ఊర్లు గోడకెక్కాల. చాపకూడు పక్కనే చుండూరు కూడా ఉండాల.

పేరు చెక్కితే ఏమవుతుందని అడిగేవాళ్లకు కోరేగావ్ చూపిస్తాము. 1818 యుద్ధంలో చనిపోయిన మహర్ సైనికుల పేర్లు అక్కడి స్తంభంమీద ఉన్నాయి. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి పోయి నిలబడినాడు. అప్పటినుంచి ఆ రాయి మనకు మాట్లాడతా ఉంది.

అన్నలారా, అక్కలారా! ఈసారి తిరునాళ్లకు పోయినోళ్లు మొక్కి వచ్చేయొద్దు. కన్నమదాసు యాడ అని అడగండి. అడిగినోళ్లకే చరిత్ర.

జై భీమ్!