వాల్వు మీద పేరు రాయడానికి నామోషీ ఎందుకు?

పెద్ద పోస్టు రాసి చాలా రోజులైంది. ఈసారి విత్తనం గురించి కాదు, ధర గురించి కాదు. మోటారు షెడ్డులో అంటించుకునే లేబుళ్ల గురించి. ఇదీ ఒక విషయమేనా అని దాటెయ్యకండి. దీనివల్ల నాకు పంట పోయింది, మా చుట్టాల్లో ఒకడికి కాలు విరిగింది.

సంక్రాంతికి వారం ముందు నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు శ్రీకాకుళంలో ఆసుపత్రిలో ఉన్నాను. మొక్కజొన్న పీచు వేసే దశ. ఆ దశలో నీరు తప్పితే కండెలో గింజ కట్టదని వేసినవాళ్లందరికీ తెలుసు. ఇంటి దగ్గర నా భార్య, పనికొచ్చే కుర్రాడు మాత్రమే ఉన్నారు. నా బోరు దగ్గర ఒకే గొట్టానికి మూడు వాల్వులు. ఒకటి మెరక మడికి, ఒకటి పల్లపు మడికి, మూడోది ఎక్కువైన నీరు కాలువలోకి వదలడానికి. పదిహేనేళ్లుగా నేనే తిప్పుతున్నాను. ఏది దేనికో నా చేతికి తెలుసు గానీ నోటితో ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ ఫోన్ చేసి "ఏది తిప్పాల?" అంది. "ఎడమపక్కది తెరు, మధ్యది కట్టీ" అన్నాను. నేను చెప్పింది బోరు వైపు చూస్తూ నిలబడితే వచ్చే ఎడమ. ఆవిడ నిలబడింది పొలం వైపు చూస్తూ. ఆవిడ ఎడమ నాకు కుడి అయ్యింది. మధ్యాహ్నం దాకా నీరంతా కాలువలోకే పోయింది. అది చూసిన కుర్రాడు పరిగెత్తుకెళ్లి నీళ్లు పోతున్న వాల్వు బిగించేశాడు. మోటారు మాత్రం ఆపలేదు. మూడు వాల్వులూ మూసుకుపోయాయి, లోపల మోటారు తోస్తూనే ఉంది. గొట్టం జాయింటు పగిలిపోయింది. మనిషి దొరికి బాగుచేసేసరికి ఇంకో రెండు రోజులు. మెరక మడిలో కండెలు సగం బోసిగా వచ్చాయి.

ఇంటికొచ్చి ఇద్దరి మీదా కేకలేశాను. ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది.

పండక్కి మా అమ్మాయి వచ్చింది. విశాఖలో డిగ్రీ చదువుతోంది, ఎన్.సి.సి. నౌకాదళ విభాగంలో ఉంది. సంగతంతా విని, "నాన్నా, అమ్మనెందుకు తిడతావు? ఎవరి ఎడమ, ఎవరి కుడి? పడవలో ఎవరైనా ఇలా చెప్తే మా సార్ దించీస్తారు" అంది. నాకు కోపం వచ్చింది. కానీ తరవాత అది చెప్పినవి విన్నాక మాట్లాడలేకపోయాను.

వాళ్లకి తెరచాప పడవ నడపడం నేర్పుతారు. వేలర్ అంటారట. పడవలో ఎడమ, కుడి అనరు. పడవ మొన వైపు చూస్తే ఎడమకు వచ్చేది పోర్ట్, కుడికి వచ్చేది స్టార్‌బోర్డ్. మనిషి ఎటు తిరిగి నిలబడినా ఆ పక్కలు మారవు. ఎంత చిన్న సంగతి! ఆ ఒక్క పద్ధతి నా బోరు దగ్గర ఉంటే మొక్కజొన్న మిగిలేది.

ఇంకో మాట చెప్పింది. పడవలో 'ఆ తాడు లాగు' అంటే ఎవరికీ అర్థం కాదు. ప్రతి తాడుకీ దాని పనిని బట్టి పేరుంది. తెరచాపను పైకెత్తేది హాల్యార్డ్. గాలికి తగ్గట్టు తెరచాపను బిగించడానికి, వదలడానికి ఉన్నది షీట్. షీట్ అంటే గుడ్డ అనుకుంటాం, అక్కడ తాడు. గాలి ఒక్కసారి జోరుగా కొట్టి పడవ ఒరిగితే షీట్ వదలాలి. కొత్తవాడు కంగారులో హాల్యార్డ్ విప్పాడనుకోండి, తెరచాప మొత్తం మనుషుల మీద పడుతుంది. వదలాల్సిన షీట్‌ని బిగించాడనుకోండి, పడవ ఇంకా ఒరిగి బోల్తా పడుతుంది. అందుకే మొదటి రోజుల్లో తాళ్లు కట్టే చోట పేర్లు రాసి టేపు అంటించారట. కొన్నాళ్లకి ఎవరూ అది చూడరు. కానీ మొదటి పది రోజులు అదే కాపాడుతుంది.

ఇది వింటే నాకు మా నాన్న గుర్తొచ్చారు. మన ఎద్దుల సేద్యంలో కూడా ఉత్త 'తాడు' అన్నది లేదు. పశువుని కట్టేది పలుపు. నడిపేది పగ్గం. ముక్కుకి వేసేది ముకుతాడు. నూతిలో నీళ్లు తోడేది చేంతాడు. బరువు లాగేది మోకు. "పలుపు తే" అంటే ఏడేళ్ల గుంటడు కూడా తప్పులేకుండా తెచ్చేవాడు. పేరే పని చెప్పేది. ఎద్దులు పోయి మోటార్లు, టిల్లర్లు వచ్చాక మనం పేర్లు పెట్టడం మానేశాం. 'అది నొక్కు, ఇది తిప్పు, ఆ పక్కది' అన్న స్థాయికి దిగిపోయాం.

పెద్ద ఓడల్లో ఇంకా కట్టుదిట్టంగా ఉంటుంది. మన నౌకాదళానికి కొచ్చిలో ఐ.ఎన్.ఎస్. తరంగిణి అని మూడు కొయ్యల తెరచాప ఓడ ఉంది, 1997 నుంచి కుర్రాళ్లకి దాని మీద నేర్పుతున్నారు. అలాంటి ఓడల్లో ఏ తాడు ఏ మేకుకి కట్టాలో ఖాయంగా ఉంటుంది. చీకట్లో, వానలో చెయ్యి వేస్తే అదే తాడు దొరకాలి. అంటే పేరు కంటే ముందు చోటు. మన షెడ్లలో ఫ్యూజు తీగె ఒకరోజు గూట్లో, ఒకరోజు చూరులో, పానా ఎక్కడుందో దేవుడికే తెలుసు. చోటు ఖాయం చెయ్యకుండా లేబుల్ అంటిస్తే లాభం లేదు.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు నౌకాదళ అమ్మాయిలు బయల్దేరి, భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. అందులో పి. స్వాతి మన విశాఖ అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు అమ్మాయి. ఆలోచించండి. ఆరుగురు వంతులవారీగా నడపాల్సిన పడవలో ఒక్కరికే తెలిసిన తాడు ఉంటే ఆ ఒక్కరూ పడుకున్నప్పుడు ఏం చేస్తారు? నా బోరు సంగతి అచ్చంగా అదే. నేను పడుకున్నాను, పడవ మునిగింది.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. లేబుల్ అంటే ఏదో ఒకటి రాసెయ్యడం కాదు. మేమూ మొదట తప్పే చేశాం.

అమ్మాయి మూడో వాల్వు మీద 'బైపాస్' అని రాసింది. వాళ్లమ్మ చదివి "అదేటి, రోడ్డా?" అంది. తీసేసి 'మిగులు నీరు కాలువకి' అని రాశాం. మిగతా రెండూ 'మెరక మడి', 'పల్లపు మడి'. దాని కంపెనీ పేరు, సైజు ఎవరికీ అక్కర్లేదు. తెరిస్తే నీరు ఎక్కడికి పోతుందో రాస్తే చాలు. కింద పెద్ద అక్షరాల్లో ఒక్క వాక్యం: 'మోటారు తిరుగుతుండగా మూడూ మూయకూడదు.'

రెండోది. రంగును నమ్ముకోవద్దు. స్టార్టరు మీద పచ్చ బొత్తాం నొక్కితే మోటారు నడుస్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. పడవకి ఎర్ర దీపం ఎడమపక్క, పచ్చ దీపం కుడిపక్క. పురుగుమందు డబ్బా మీద పచ్చ గుర్తుంటే మంచిదని చాలామంది అనుకుంటారు. కాదు! ఎరుపు, పసుపు, నీలం, పచ్చ నాలుగూ విషం గుర్తులే, పచ్చ అంటే వాటిలో తక్కువ విషం అని మాత్రమే. ఒకే రంగు మూడు చోట్ల మూడు మాటలు చెప్తోంది. చదువు రానివాళ్ల కోసం రంగు పెట్టండి, కానీ దాని అర్థం ఒకసారి నోటితో చెప్పండి.

మూడోది ప్రాణం మీదికి వచ్చేది. పవర్ టిల్లరుకి రెండు పక్కలా స్టీరింగు క్లచ్చులుంటాయి. చదునులో ఎడమది నొక్కితే ఎడమకి తిరుగుతుంది. నిటారు దిగుడులో మాత్రం ఎడమది నొక్కితే కుడికి పోతుంది. ఎందుకంటే క్లచ్చు వదిలిన చక్రం జోరుగా దొర్లిపోతుంది, ఇంజను పట్టున్న చక్రం నెమ్మదిస్తుంది. మా బావమరిది కొడుకు గట్టు మీంచి పల్లపు మడిలోకి దింపుతూ అలవాటుగా ఎడమది నొక్కాడు. బండితో సహా కాలువలో పడ్డాడు. మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. పడవ చుక్కాని పిడి కూడా ఇంతేనట, ఎడమకి తోస్తే పడవ కుడికి తిరుగుతుంది. దాన్నీ టిల్లర్ అనే అంటారు, ఈ మాటకీ ఆ మాటకీ చుట్టరికం లేదు గానీ బుద్ధి ఒకటే. అక్కడ కొత్తవాళ్లకి ఈ సంగతే మొదట చెప్తారు. మన టిల్లరు హ్యాండిల్ మీద 'దిగుడులో తిరగబడుతుంది, క్లచ్చు ముట్టుకోవద్దు, వేగం తగ్గించు' అని ఎవరూ రాయలేదు.

నాలుగోది కరెంటు. మనకి వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటలంటారు, కానీ పోతుంది, వస్తుంది. అందుకని చాలామంది ఆటో స్టార్టరు పెట్టుకున్నారు. కరెంటు లేదు కదా అని చెయ్యి పెట్టినవాడి ప్రాణం అది వచ్చిన క్షణంలో పోతుంది. మీ షెడ్డులో ఒక్కటే లేబుల్ పెట్టగలిగితే ఇది పెట్టండి: 'ఆటో ఉంది. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. ఫ్యూజులు తీయకుండా ముట్టుకోవద్దు.'

మా ఊళ్లో ఒక పెద్దాయన ఇదంతా చూసి నవ్వాడు. "చదువుకుని చేసేవాడు పనిమంతుడవుతాడేటి? పని చేతికి రావాల గానీ" అన్నాడు. ఆయన మాటలో నిజముంది. లేబుల్ చూసి తిప్పడం పని రావడం కాదు. కానీ కొబ్బరి మొక్కకి మొదట్లో ఊతకర్ర కడతాం. వేరు పట్టాక తీసేస్తాం. ఊతకర్ర ఉంటే మొక్క బద్ధకిస్తుందని ఎవరూ అనరు. పైగా, ఆయన పని నేర్చుకున్నప్పుడు పక్కన తండ్రి ఉన్నాడు. ఇప్పుడు కొడుకులు విశాఖలో, హైదరాబాదులో. పొలంలో ఉన్నది ఆడవాళ్లు, ఏడాదికొకడు మారే కూలి కుర్రాళ్లు. వాళ్ల పక్కన నిలబడి చెప్పేదెవరు?

ఇంకో అభ్యంతరం ఉంది, అది మరీ బలమైనది. తప్పు లేబుల్ కంటే లేబుల్ లేకపోవడమే నయం. గొట్టం మార్చి పేరు మార్చకపోతే నమ్మి మోసపోతాం. అందుకే పనిచేయించిన రోజునే లేబుల్ మార్చాలి, మేస్త్రీకి డబ్బులిచ్చే ముందే. అన్నింటికీ అంటించకూడదు కూడా. నాలుగైదు చాలు. గోడంతా రాస్తే ఎవరూ చదవరు.

ప్రభుత్వానికి, అమ్మేవాళ్లకి ఒక మాట. సబ్సిడీ మీద మాకిచ్చే టిల్లరు, స్ప్రేయరు, స్టార్టరు మీద రాతలన్నీ ఇంగ్లీషులో ఉంటున్నాయి. లేకపోతే అర్థంకాని బొమ్మలు. తెలుగు రైతుకి అమ్మే యంత్రం మీద, చెయ్యి పెట్టే ప్రతి చోటా తెలుగులో పని పేరు ఉండాలి. రైతు సేవా కేంద్రంలో యంత్రం చేతికిచ్చే ముందు అంటించి ఇవ్వడానికి ఎంత ఖర్చు? పది రూపాయల స్టిక్కరు. పుస్తకం ఇస్తున్నాం కదా అంటారు. టిల్లరు దిగుడులో జారుతున్నప్పుడు పుస్తకం ఎవరు తెరుస్తారు?

వాళ్లు ఇచ్చేదాకా ఆగక్కర్లేదు. రేపు పొద్దున్న పెయింటు డబ్బా తీసుకెళ్లండి. రాశాక ఒక పరీక్ష పెట్టండి. ఎప్పుడూ మోటారు వెయ్యని మనిషిని పిలిచి, ఫలానా మడికి నీరు పెట్టమని చెప్పి, మీరు నోరు మూసుకుని నిలబడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీ రాత తప్పు, వాళ్లు కాదు. నాకు నోరు మూసుకోవడమే కష్టమైంది.

మొన్న నేను విజయనగరం పెళ్లికి వెళ్తే నా భార్య ఫోన్ చెయ్యలేదు. నేనే చేశాను. "పల్లపు మడి అయిపోయింది, మెరక మడికి తిప్పాను. నువ్వు భోజనం చేసి రా" అని పెట్టేసింది.

మీ షెడ్డులో ఏం రాశారో ఫోటో తీసి పెట్టండి. నా కంటే బాగా రాసినవాళ్లది చూసి నాదీ మార్చుకుంటాను.