బోటు ఇంజన్‌కి రేడియేటర్ నదే!

"అన్నా, సెకండ్ హ్యాండ్ అవుట్‌బోర్డ్ ఇంజన్ కొన్నా. పది నిమిషాలు నడిస్తే చాలు, బీప్ బీప్‌మని అరిచి స్పీడ్ తగ్గిపోతోంది. ఆయిల్ మార్చా, ప్లగ్ మార్చా. ఇంకేం మార్చాలి?"

మఠంపల్లి దగ్గర కృష్ణలో చేపల వేటకి వెళ్లే ఓ తమ్ముడి వాయిస్ మెసేజ్ ఇది. నేను చెప్పింది ఒక్కటే: ముందు ఏదీ మార్చకు తమ్ముడూ. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూడు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనగానే హైవే, సిమెంటు, రైస్ మిల్లులు గుర్తొస్తాయి. కానీ మనకి దక్షిణాన కృష్ణమ్మ ఉంది. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కలుస్తుంది. ఆ దిగువన పులిచింతల వెనుక జలాలు. అక్కడ ఇంజన్ నడిస్తేనే ఇల్లు గడిచే కుటుంబాలున్నాయి.

మీ బైక్‌ని గాలి చల్లబరుస్తుంది. కారుకి రేడియేటర్ ఉంటుంది. అవుట్‌బోర్డ్ ఇంజన్‌కి మాత్రం నదే రేడియేటర్. అడుగున ఉన్న జల్లెడలోంచి పంపు నీళ్లు లాగి ఇంజన్ చుట్టూ తిప్పి బయటికి వదిలేస్తుంది. మీ తాతని అడగండి, పొలం దగ్గర ఆయిల్ ఇంజన్‌కి కూడా అది తోడిన నీళ్లలోంచే ఓ సన్న పైపు పెట్టి చల్లబరిచేవాళ్లు. లెక్క అదే.

అందుకే నదిలో ఏముంటే ఇంజన్‌లోకి అదే పోతుంది. మూసీ హైదరాబాద్ మీదుగా వస్తుంది కాబట్టి పాలిథిన్ కవర్లు, గుర్రపుడెక్క వెంట తెస్తుంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఇసుక, బురద.

ఇప్పుడు చెకింగ్. నడుస్తున్న ఇంజన్ వెనకాల సన్నటి నీటి ధార కనిపిస్తుంది. అదే మీ ఇంజన్ నాడి.

ధార సన్నబడిందా, ఆగిందా? ఇంజన్ ఆపి పైకెత్తి జల్లెడ చూడండి. కవరో, వల దారమో, గుర్రపుడెక్క వేరో ఇరుక్కుని ఉంటే తీసేయండి. తర్వాత ధార వచ్చే రంధ్రంలో సన్న నైలాన్ దారం పెట్టి కదపండి. ఇంజన్ కొన్నాళ్లు ఒడ్డున పడి ఉంటే కందిరీగలు అందులో మట్టిగూడు కట్టేస్తాయి.

అయినా ధార రాలేదా? అనుమానం ఇంపెల్లర్ మీదే. పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం అది. నీళ్లు లేకుండా ఒడ్డు మీద స్టార్ట్ చేసి చూస్తే కాసేపట్లోనే కాలిపోతుంది. సెకండ్ హ్యాండ్ ఇంజన్‌లో అది ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలీదు. కొత్తది వేయించండి. పాతదాని రెక్క విరిగి ఉంటే ఆ ముక్క లోపల దారిలో ఇరుక్కుందేమో వెతికించండి.

ధార బాగానే వస్తోంది, అయినా బీప్ ఆగట్లేదా? అప్పుడు థర్మోస్టాట్. దాన్ని విప్పి, గిన్నెలో నీళ్లు పోసి అందులో వేసి పొయ్యి మీద పెట్టండి. నీళ్లు కాగుతున్నకొద్దీ తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే పారేయాల్సిందే. అదీ బాగుంటే లోపల బురద పేరుకుందేమో, గ్యాస్కెట్ పోయిందేమో మెకానిక్ చూడాలి.

ఒక హెచ్చరిక. కాలుతున్న ఇంజన్ మీద చెంబుతో చన్నీళ్లు కొట్టొద్దు, లోహం పగలొచ్చు. దానంతటదే చల్లారనివ్వండి.

ఇంకో మాట, ఇది ఇంజన్ కంటే పెద్దది. సాగర్ గేట్లెత్తిన రోజుల్లో నది మధ్యలో ఇంజన్ ఆగిన బోటు గాలికి కొట్టుకుపోయే ఆకు లాంటిది. బీప్ వినగానే వేగం తగ్గించి ఒడ్డు వైపు తిప్పండి, లంగరు వేశాకే ఇంజన్ ఆపండి. 2017 నవంబర్ 12న ఇదే కృష్ణలో, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. దానికీ ఇంజన్ వేడికీ సంబంధం లేదు. కానీ లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలని చెప్పడానికి అంతకంటే పెద్ద పాఠం అక్కర్లేదు.

కాబట్టి తమ్ముడూ, రేపు పొద్దున బోటు దింపే ముందు జల్లెడ చూడు. తెడ్డు, లంగరు, జాకెట్లు ఉన్నాయా చూడు. స్టార్ట్ చేశాక ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ ధార చూడు. అది సరిగ్గా పడుతుంటేనే ముందుకు పో.